ఉప్పునీటి దీక్ష

విద్యాధర్‌రావు నుండి పిలుపు వచ్చిన నాడు కైలాసం తన అంగడిలో గాజుతొట్టికి పట్టిన పాచిని బ్లేడుతో గీకుతున్నాడు. ఫోనులో ఆ కంఠం వినగానే చేయి ఆగింది. పది నెలలుగా ఆ కంఠం అతని చెవిన పడలేదు. అయినా ఒక్క పూటయినా అతడు దానిని మరచినది లేదు. కొత్త చేపలు తెప్పిస్తున్నామనీ, పెద్ద తొట్టిలోకి వదలకముందు వాటిని నెలన్నర విడిగా ఉంచి రోగం రొష్టు లేదని తేల్చుకోవడానికి మరొక చిన్న తొట్టి కట్టాలనీ, హైదరాబాదులో చేపలమ్మే మనిషిని అడిగితే 'మీ కరీంనగర్‌లో సముద్రపు నీళ్ల పని తెలిసినవాడు కైలాసం ఒక్కడే' అన్నాడనీ విద్యాధర్‌రావు చెప్పాడు. నిరుటి సంగతి ఎత్తలేదు. పొరపాటయిందనలేదు. మొన్ననే కలిసి విడిపోయిన మనిషితో మాట్లాడినట్టు, రేపు పొద్దున రమ్మన్నాడు.

కైలాసం వస్తానన్నాడు.

ఆ మాట విని అతని భార్య జమున చేతిలోని చాటను కిందపెట్టింది. సిరిసిల్లలో సాంచెల, అంటే మరమగ్గాల, మోత నడుమ పెరిగిన మనిషి కావడంవల్ల ఆమె మాట ఎప్పుడూ ఒక పట్టు ఎక్కువే. "గా ఇంటికి మళ్ల పోతవా? నీ మొఖం జూస్తె పనికి పోయేటోని లెక్క లేదు. నోము పట్టినోని లెక్కున్నది," అన్నది.

"నోమే అనుకో," అన్నాడు కైలాసం.

ఆమెకు ఇంకేమీ అడగవలసిన అవసరం లేదు. నిరుడు సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం ఆ ఇంట్లో ఏమి జరిగిందో ఆమెకు తెలుసు. దాని చివరి భాగాన్ని తన చేతులతోనే విప్పి చూసింది కూడా.

జగిత్యాల రోడ్డున ఫంక్షన్ హాలు నడిపే విద్యాధర్‌రావుది ఆసిఫాబాద్ వైపు భూస్వాముల వంశం. ఇంటి నడిమి హాలులో ఎనిమిది అడుగుల సముద్రపు నీటి తొట్టి పెట్టించి, దాని ఆలనాపాలనా నాలుగేళ్లు కైలాసానికే వదిలాడు. మగ్గం నుండి సాంచెకు, సాంచె నుండి చేపల అంగడికి వచ్చిన కైలాసం ఆ తొట్టిని దేవునిగదిలా చూసుకున్నాడు. అటువంటి తొట్టి నిరుడు పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య, దాటిన మూడోనాటికి మబ్బుపట్టింది. ఒక్కొక్క చేపా ఉపరితలానికి వచ్చి నోరు తెరిచి, పక్కకు ఒరిగి చనిపోయింది. కైలాసం సగం నీళ్లు మార్చాడు, మళ్లీ సగం మార్చాడు, రెండు రాత్రులు కన్ను మూయలేదు. తొమ్మిదోనాడు, సద్దుల పండుగకు వాడకట్టు ఆడవాళ్లంతా హాలులో పూలు పేర్చుకొంటుండగా, మిగిలిన మూడు నాలుగు చేపలూ వారి కళ్లముందే చచ్చి తేలాయి.

అప్పుడు విద్యాధర్‌రావు కైలాసం చేతనే చచ్చిన చేపలను వట్టి చేతులతో ఎత్తించాడు. వాటిని ఎక్కడ వేయాలని అతడు అడిగితే, గోడవార పెట్టుకున్న అతని టిఫిన్ డబ్బాను కాలితో ముందుకు నెట్టాడు. "నీళ్లల్ల ఉప్పు కలుపుడు రాదు గని, పెద్ద డాక్టర్ లెక్క మాట్లాడుతవ్. నీ చాపలు నువ్వే తీస్కపో. మాపటికి కూరకైతయి," అన్నాడు. ఎవరో నవ్వారు. కైలాసం వాటిని డబ్బాలో వేసి, మూత పెట్టుకొని బయటికి నడిచాడు.

ఆ రాత్రి జమున, పెద్దిల్లు గదా, పండుగకు మలీద ముద్దలు పంపి ఉంటారని సంబరంగా డబ్బా మూత తీసింది.

ఊరంతా పాకింది ఆ కథ. కైలాసం ఉప్పునీళ్లలో ఏదో కలిపాడని కొందరు, చవక ఉప్పు వేసి మోసం చేశాడని కొందరు అన్నారు. అంగడికి వచ్చేవారు తగ్గారు. తానేమి తప్పు చేశాడో కైలాసానికే తెలియలేదు. తన మీద తనకే అనుమానం పుట్టిన ఆ నాలుగైదు నెలలే అన్నింటికంటె దుర్భరమయ్యాయి. శివరాత్రి ముందర కూరగాయల మార్కెట్టులో ఆ ఇంటి పనిమనిషి, మొగుడు పోయిన ఐలవ్వ ఎదురుపడి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి నిజం చెప్పింది. పెత్రమాసకు ఇల్లు కడిగేటప్పుడు విద్యాధర్‌రావు తల్లి రుక్మాబాయి తొట్టి కింది పెట్టెలో గోధుమరంగు జిగురుపట్టిన స్పాంజీలను చూసిందట. దేవునిగది పక్కన ఇంత అశుచి ఏమిటని, వాటిని బయటికి తీయించి బ్లీచింగ్ పౌడరుతో తెల్లగా కడిగించి మళ్లీ పెట్టించిందట.

కైలాసం కూరల సంచీతో అక్కడే కూలబడ్డాడు. ఆ జిగురే తొట్టికి ప్రాణం. చేపలు విసర్జించిన మలినం నీటిలో విషమవుతుంది. ఆ విషాన్ని తిని బ్రతికే కంటికి కనబడని జీవులు కోట్లకొలది ఆ జిగురులో కాపురముంటాయి. అవి నాలుగేళ్లు కట్టుకున్న ఊరును ఒక్క పూటలో తెల్లగా కడిగేశారు. అది తెలియక చేసిన పని. తెలియనితనాన్ని ఎవరైనా క్షమించవచ్చు. కాని సద్దులనాడు హాలులో తన చేతులతో చచ్చిన చేపలను ఎత్తుతున్నప్పుడు, రుక్మాబాయి జపమాల తిప్పుతూ మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నది. అప్పటికే ఆమెకు తట్టిందనీ, మూడోనాడే 'గా మందు వాసనకే గావచ్చు' అని తనతో అన్నదనీ ఐలవ్వ చెప్పింది. తెలిసి నోరు మూసుకున్నది. ధర్మం తెలిసినవారు సభలో మౌనం వహిస్తే ఆ మౌనమే అధర్మానికి సాక్షి సంతకమవుతుందని పెద్దలు చెబుతారు. కైలాసానికి ఆ ధర్మసూక్ష్మాలు రావు. మూడడుగుల దూరం మాత్రం గుర్తుంది.

కాబట్టి పిలుపు రాగానే అతడు వెళ్లాడు. పగ తీర్చుకోవడానికే వెళ్లాడు.

*

ఉపాయం సరళమైనది. కొత్త తొట్టిలో ఆ జీవులను నిలబెట్టడానికి నలభై ఒక్క రోజులు పడుతుందని కైలాసం చెప్పాడు. ముందుగా వేళ్ల మీద లెక్కవేసుకున్నాడు: నలభై ఒకటో రోజు సరిగ్గా పెత్రమాస. ఆనాడు ఆ ఇల్లు కడుగుతారు. అట్టడుగు మూల కూడా వదలక కడిగే మనిషి రుక్మాబాయి. స్పాంజి కనబడుతుంది. కడిగిస్తుంది. వద్దని తాను చెప్పడు. ఆమె ఎట్లా మాట్లాడలేదో తానూ అట్లాగే మాట్లాడడు. కోటి ఆశలతో తెప్పించిన చేపలు వారి వాకిట్లోనే, వారి చేతులమీదనే చస్తాయి. ఈసారి నింద తనమీదికి రాకుండా సాక్ష్యం సిద్ధం చేసుకుంటాడు.

సాక్ష్యం ఒక నోటు పుస్తకం. రోజూ తొట్టి నీటిని చిన్న గాజునాళాలలో పోసి, మందుచుక్కలు వేసి, రంగు చూసి అందులో రాయాలి. వారానికి రెండుసార్లు విద్యాధర్‌రావు చూసి సంతకం చేయాలి. "గిదేంది, కోర్టు కాయిదం లెక్క?" అని అతడు నవ్వాడు. "మీకు నమ్మకముండాలె గదా సారూ," అన్నాడు కైలాసం వినయంగా. ఆ వినయం అతనికి నోటిలో వేపాకులా ఉన్నది.

దేవునిగదిని ఆనుకొని ఉన్న చిన్న గదిలో తొట్టి పెట్టారు. అడుగున ఇసుక లేదు, రాళ్లు లేవు. దాక్కోవడానికి నాలుగు పైపు ముక్కలు, నీటిని వెచ్చగా ఉంచే హీటరు, గాలిమోటారుకు తగిలించిన జంట స్పాంజి, అంతే. వడపోసిన నీటిలో సముద్రపు ఉప్పు కలిపి, సాంద్రత కొలిచి నింపాడు. తన అంగడిలో ఏడేళ్లుగా చెడకుండా నడుస్తున్న చిన్న ఉప్పునీటి తొట్టి నుండి ఒక స్పాంజి ముక్కను ఆ తొట్టి నీళ్లలోనే తడిపి, గిన్నెలో పెట్టుకొని, ఆటోలో ఒడిలో పట్టుకొని వచ్చి, కొత్త స్పాంజి పక్కన కట్టాడు. పాత ఇంటి పొయ్యి నిప్పును కొత్త ఇంటికి తెచ్చినట్టు తెచ్చాడు.

చేపలు లేని తొట్టికి తిండి పెట్టడం మొదలయింది. చేపలు ఉంటే పుట్టే విషాన్నే చుక్కలుగా కొలిచి నీటిలో వేస్తాడు. ఆ విషమే వాటికి అన్నం. మొదటి పది రోజులు నాళంలో నీరు ఆకుపచ్చగానే నిలిచింది, అంటే విషం అట్లాగే ఉన్నది, తిన్నవారు లేరు. పన్నెండోనాడు పచ్చ కొంచెం విరిగింది. పదహారోనాడు పసుపు తేలింది. కాని రెండవ నాళంలో నీరు ఊదారంగుకు మారింది: మొదటి జాతి జీవులు విషాన్ని తిని మరొక విషాన్ని విడిచాయి, దానిని తినే రెండవ జాతి ఇంకా పుట్టలేదు. ఇక్కడే తెలియనివారు తొందరపడతారు. కైలాసం తొందరపడలేదు. పగ పట్టినవానికి ఉండే ఓపిక భక్తునికి కూడా ఉండదేమో. ఉదయం ఏడింటికి, సాయంత్రం అయిదింటికి, వాన పడినా జ్వరం వచ్చినా అతడు వచ్చాడు.

ముప్పైయో రోజు దాకా రుక్మాబాయి ఆ గది గడప దగ్గర ఆగలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, దేవునిగదిలోకి పోతూ ఒక చూపు విసిరేది. ఇంట్లో అందరూ ఆమెను ఆయి అంటారు. మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ల అలవాటు. డెబ్బయి రెండేళ్ల వయసులోనూ మడిబట్ట తానే ఆరవేసుకుంటుంది, తన నీళ్లు తానే తోడుకుంటుంది. ఆ ముప్పైయో రోజున గడప దగ్గర ఆగి అడిగింది: "కైలాసం, అండ్ల చాపలు లెవ్వు, చెట్లు లెవ్వు. వట్టి నీళ్లకు గింత సేవేంది?"

"కనబడనోళ్లున్నరు ఆయీ. గాళ్లకే."

"కనబడనోనికి సేవ చేసుడు నాకు జెప్పకు. యాభై ఏండ్ల సంది చేస్తున్న," అని ఆమె చిన్నగా నవ్వింది.

ఆ నవ్వులో కోపం లేదు, ఎగతాళి లేదు. అందుకే కైలాసం కోపం రెండింతలయింది. ఈ మనిషికి నిద్ర పడుతున్నది. పండుగలు నడుస్తున్నాయి. నవ్వు వస్తున్నది. జమున మాత్రం ఏ టిఫిన్ డబ్బా మూతా ఒక్క క్షణం జంకకుండా తీయడం లేదు. అతడు నాళాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకొని, ఊదారంగు ఎంత పలుచబడిందో చూసి, పుస్తకంలో రాసుకున్నాడు.

ముప్పై ఎనిమిదో రోజున రెండు నాళాలూ తేటపడ్డాయి. సాయంత్రం వేసిన విషపు చుక్కలు తెల్లవారేసరికి లేవు. స్పాంజిని వేలితో తాకితే సన్నటి జిగురు. కొత్తది, లేతది, తన చేతుల మీద పుట్టినది. దానిని చూసి సంతోషం కలిగినందుకు అతడు తనను తానే తిట్టుకున్నాడు.

*

పెత్రమాసనాడు వేకువనే ఆ ఇంటి వాకిలి కడిగి, మధ్యాహ్నానికి హాలులో చాపలు పరిచారు. మొదటినాటి బతుకమ్మ పేర్చడానికి వాడకట్టు ఆడవాళ్లు ఏడెనిమిది మంది, నిరుడు సద్దులనాడు ఉన్నవారే, తంగేడు గునుగు పూలకుప్పల చుట్టూ కూర్చున్నారు. మద్రాసులో వేకువన విమానమెక్కిన చేపల పెట్టె హైదరాబాదులో దిగి కారులో వస్తున్నది. విద్యాధర్‌రావు ఎదురేగి హైదరాబాదు రోడ్డున సగం దారి దాకా పోయి ఉన్నాడు. కైలాసం చివరిసారి నీటిని పరీక్షించి, 'తయారు' అని పుస్తకంలో రాసి, గది తలుపు బార్లా తెరిచి ఉంచి, వెనక వరండాలో బావిగట్టు పక్కన కూర్చున్నాడు.

అంతా అతడు ఊహించినట్టే జరిగింది. హాలులోకి వినబడనంత తగ్గించినా, రుక్మాబాయి గొంతు వరండాలోని అతనికి స్పష్టంగా వినబడింది.

"ఐలవ్వా, గా గలీజు స్పాంజి తీసి కడుక్కరా. నిరుడు బ్లీచింగ్ పోసి కడిగితిమి, గా మందుకే చాపలన్ని సచ్చినయ్. గా తప్పు మళ్ల వద్దు. ధర్మపురి నుంచి గంగ నీళ్లు తెప్పిచ్చిన, బిందెలున్నయ్. జర పసుపేసి, గంగ నీళ్లతోని కడుగు. బస్, శుద్ధమైతది."

కైలాసం రెండు చేతులూ మోకాళ్లమీద బిగుసుకున్నాయి. ఆమె నోటితోనే ఆమె చెప్పింది. తన తప్పును దిద్దుకుంటున్నానని నిండు మనసుతో నమ్ముతూ అదే తప్పును మళ్లీ చేస్తున్నది. గోదావరి గంగ పవిత్రమే, కాని ఉప్పునీటి జీవులకు తియ్యనీరు తగిలితే ఉబ్బి పగిలిపోతాయి. పాపం పోగొట్టే నీళ్లు, వీటి పాలిట మృత్యువు. ఇంక అతడు చేయవలసినది ఒక్కటే: కదలకపోవడం.

ఐలవ్వ నీళ్లోడుతున్న స్పాంజిని పళ్లెంలో పెట్టుకొని బయటికి వచ్చింది. బిందె పక్కనే ఉన్నది. ఆమె వంగలేదు. కైలాసం వైపు చూసింది. అతడు చూపు మరల్చాడు.

"కైలాసమన్నా," అన్నది ఆమె నెమ్మదిగా. "కడుగుమంటున్రు. నేను కడుగుత. మళ్ల చాపలు సస్తె గిది ఎవలి మీదికొస్తదే?"

ఆ జవాబు ఆమెకు తెలుసు, అతనికీ అప్పుడే తెలిసింది. పుస్తకంలో సంతకాలున్నాయి. నీళ్లు మంచివని రుజువున్నది. కడిగింది ఎవరని విద్యాధర్‌రావు అడుగుతాడు. కడిగిన చేతులు ఐలవ్వవి. రుక్మాబాయి జపమాల తిప్పుతూ మూడడుగుల దూరంలో నిలబడుతుంది. నింద ఎప్పుడూ ఏటవాలుగానే పారుతుంది. నలభై ఒక్క రోజులు అతడు తవ్విన కాలువ పెద్దింటివైపు కాక ఈ వితంతువు గుడిసె వైపు పోతున్నది.

కైలాసం లేచి పళ్లెం అందుకున్నాడు. గదిలోకి పోయి బకెట్టులో తొట్టి నీళ్లే ముంచి, స్పాంజిని అందులో మునిగేట్టు వేశాడు. కోపం తగ్గలేదు. దారి మారింది, అంతే. మౌనంగా ఉండి వారిమీద పగ తీర్చుకోవాలనుకోవడం తన తెలివితక్కువ. మౌనం వారి ఆయుధం. వారి చేతిలోనే అది పని చేస్తుంది.

బకెట్టు తెచ్చి హాలు నడుమ, పూలకుప్పలకు అల్లంత దూరంలో పెట్టుకొని నిలబడ్డాడు. ఆడవాళ్లు పూలు పేర్చడం మాని చూశారు. అప్పుడే కారు వచ్చింది.

విద్యాధర్‌రావు థర్మకోల్ పెట్టెను తానే మోసుకొచ్చి, మూత తీసి, గాలినింపిన సంచులను పైకెత్తి అందరికీ చూపించాడు. రెండింటిలో నిమ్మపండు రంగు చేపలు. మూడవ సంచిలో నీలిరంగు మీద పసుపు గీతలున్న అరచేతంత చేప. ప్రయాణపు బడలికతో కొద్దిగా పక్కకు ఒరిగి, మొప్పలు వేగంగా ఆడిస్తున్నది. "చల్, వదులు," అంటూ గదివైపు నడిచి, ఆగాడు. "స్పాంజేది?"

"నా దగ్గరున్నది."

"తొట్టిల వెయ్యి మరి."

"వేస్త సారూ. ఒక మాట అయినంక వేస్త. స్పాంజి లేకుండ వదిలిన్రనుకో, రేపటిదాక బతుకుతయి. ఎల్లుండి సంగతి మీకెరుకే, నిరుడు చూసిన్రు గదా."

విద్యాధర్‌రావు ముఖం ఎర్రబడింది. బెదిరిస్తున్నావా అన్నాడు, పోలీసును పిలుస్తానన్నాడు, బకెట్టు మీదికి ఒక అడుగు వేశాడు. కైలాసం బకెట్టును కాలి దగ్గరికి లాక్కున్నాడు. ఒరిగితే నేలపాలేనని గ్రహించి విద్యాధర్‌రావు అక్కడే నిలిచిపోయాడు. ఆ తరువాత గొంతు దించి, ఏమి కావాలో చెప్పమన్నాడు.

"నాకేం వద్దు. నిరుడు చాపలు ఎట్ల సచ్చినయో గీ ఆడోళ్ల ముందట ఆయి చెప్పాలె. నిరుడు గిక్కడనే ఉన్నరు, ఇయ్యాల గిక్కడనే ఉన్నరు. చెప్తె చాలు."

"మా ఆయి పేరెత్తుతవారా?" అని విద్యాధర్‌రావు తల్లి వైపు తిరిగాడు. ఆమె ఒక్క మాటతో వీడిని కొట్టిపారేస్తుందని అతని ఎదురుచూపు. దేవునిగది గడపలో రుక్మాబాయి నిలబడి ఉన్నది. జపమాల ఆగిపోయి ఉన్నది. కొడుకు ఆమెను చూశాడు, చూస్తూ ఉండిపోయాడు. క్షణక్షణానికి అతని ముఖంలోని ధీమా నీరుగారిపోవడం కైలాసం స్పష్టంగా చూశాడు. ఆ దృశ్యాన్ని అతడు కళ్లారా తాగాడు.

"ఆయీ?" అన్నాడు విద్యాధర్‌రావు.

ఆమె జపమాలను కొంగులో దాచుకున్నది. "దీపావళి అయినంక వేములాడ పోయిన," అన్నది, కొడుకుతో కాదు, కైలాసంతో. "రాజన్నకు కోడెను కట్టిన. తెల్వక చేసిన పాపమని మొక్కి చెప్పుకున్న. దేవుడు మాఫ్ చేసిండు, మనసు నిమ్మలమైంది. మళ్ల గిదంత ఎందుకు కైలాసం?"

ఇది అతనికి తెలియని సంగతి. గుడిచుట్టూ కోడెను తిప్పి కట్టేసి మొక్కు చెల్లించుకుంటున్న ఆమె అతని కళ్లముందు మెదిలింది. కొడుకుకు తెలియకుండా, ఊరికి తెలియకుండా, అంత దూరం పోయి దేవుని చెవిలో చెప్పింది. నాలుగు వీధుల అవతల ఉన్న తన అంగడికి రాలేదు.

"చాపల పాపానికి కోడెను కట్టిన్రు," అన్నాడు కైలాసం. "మంచిదే. నా పేరుకు ఏం కట్టిన్రు?"

ఆడవాళ్లలో పెద్దామె ఒడిలో నుండి గునుగుపూలు జారి నేలపై పడ్డాయి.

"దేవునికి చెప్పుకున్నరు. దేవునికి ముందుగాలనే ఎరుక. ఎరుకలేనిది వీళ్లకు. నన్ను చూసి నవ్వింది వీళ్లు. నా ఇంటామె డబ్బా మూత తీసి చూసింది మీ చాపలను. గామెకు గూడ రాజన్ననే చెప్తడా ఆయీ?"

సంచిలోని నీలి చేప మరికొంత ఒరిగింది. విద్యాధర్‌రావు ఆ సంచిని రెండు చేతులతో పట్టుకొని, ఏమి చేయాలో తెలియని పసివానిలా తల్లినీ కైలాసాన్నీ మార్చి మార్చి చూశాడు. కైలాసం ఆ చేపను చూడలేదు. చూస్తే బకెట్టు మీది చేయి సడలుతుందని అతనికి తెలుసు. అది చస్తే చావనీ అనుకున్నాడు, నిజంగానే అనుకున్నాడు. ఆ క్షణంలో అతని మనసులో దయ అన్నది వెతికినా దొరికేది కాదు.

రుక్మాబాయి గడప దిగింది. మడిబట్టతోనే పూలకుప్పల నడుమకు వచ్చింది. ఆడవాళ్లు తాకుతామేమోనని చీరలు దగ్గరికి లాక్కున్నారు. ఆమె తల ఎత్తి, దేవుని ముందు సంకల్పం చెప్పేటప్పుడు పలికే గొంతుతో, మాట మాటా విడదీసి చెప్పింది:

"నిరుడు చాపలు సచ్చింది నా చేతుల. కైలాసం చేతుల కాదు. నేనే స్పాంజి కడిగిచ్చిన. మూడోనాడు నాకు ఎరుకైంది. ఎరుకై గూడ, నా కొడుకు గీయనను గట్ల తిడుతుంటె, నోరు తెరువలే."

అంతా అయ్యాక ఆమె చుట్టూ చూసింది. ఎవరూ 'పోనీ ఆయీ' అనలేదు. ఆ 'పోనీ' కోసం ఆమె ఎదురుచూసిందనీ, అది రాలేదనీ కైలాసం గమనించాడు. అతడు కూడా అనలేదు.

*

సంచులను తొట్టి నీటిమీద తేలవేశారు, లోపలి నీరు బయటి వెచ్చదనానికి అలవాటు పడేందుకు. విద్యాధర్‌రావు గది మూలలో నిలబడి, ఇక అయిపోయింది గదా, రేపటి నుండి ఎప్పటిలాగే వచ్చిపోతుండమని గొణిగాడు. క్షమాపణ మాత్రం అడగలేదు. కైలాసం దానికోసం ఆగలేదు. రేపటి నుండి తాను రానన్నాడు.

"మరి చూసేదెవలు?"

కైలాసం రుక్మాబాయి వైపు చూశాడు. జంట స్పాంజిలో ఒకదానిని విప్పి తొట్టిలో దాని చోట బిగించాడు. రెండవదానిని బకెట్టులోనే ఉంచాడు. వారానికొకసారి ఒకే ఒక్క స్పాంజిని, తొట్టి నుండి తీసిన ఉప్పునీళ్లలోనే, మెల్లగా రెండుసార్లు పిండాలని చెప్పాడు. కుళాయి నీళ్లు పనికిరావు, గంగ నీళ్లు పనికిరావు. పనివాళ్ల చేత చేయించకూడదు. చేతికి ఎంత జిగురు తగులుతున్నదో పిండే మనిషికి తెలియాలి. ఎక్కువ పోతే మళ్లీ నిరుటి కథే. అందులో చివరి మాట సగమే నిజం. ఐలవ్వ చేయి కూడా ఆ జిగురును గుర్తుపట్టగలదు. మిగిలిన సగం కైలాసానిది.

"పిండుండ్రి ఆయీ. నేనున్నప్పుడే ఒకసారి పిండుండ్రి."

ఆమె బంగారు గాజులను మోచేతి మీదికి తోసుకున్నది. వంగి, యాభై ఏళ్లు మడినీళ్లూ కర్పూరమూ పసుపూ తప్ప మరొకటి ఎరుగని ఆ వేళ్లతో స్పాంజిని పట్టుకొని పిండింది. గోధుమరంగు మడ్డి బుస్సుమని చేతులమీదుగా దిగింది. చెరువుమట్టి వంటి వాసన గదినిండా లేచింది. ఆమె ముఖం తిప్పుకోబోయి తిప్పుకోలేదు. రెండవసారి పిండింది. కైలాసం ఆమె వేళ్ల సందుల్లో నిలిచిన జిగురును చూశాడు. ఏడాదిగా గుండెలో బిగుసుకున్నదేదో ఒక చుట్టు సడలింది. శాంతి అంటే అబద్ధం. తృప్తి.

స్పాంజిని తీసుకొని అతడు దాని జత పక్కన బిగించాడు. బుడగలు లేచాయి. సంచులు విప్పాడు. పసుపు చేపలు రెండూ పైపు ముక్కల్లోకి దూరాయి. నీలి చేప అడుగుకు దిగి, ఒక నిమిషం ఒరిగే ఉండి, మెల్లమెల్లగా తిన్నగా సర్దుకొని, గాజు వెంబడి ఒకసారి ఈది చూసింది. విద్యాధర్‌రావు గోడకు ఆనుకొని కళ్లు మూసుకున్నాడు.

రుక్మాబాయి మడ్డినీళ్ల బకెట్టును రెండు చేతులా ఎత్తి పట్టుకొని నిలబడి ఉన్నది. ఐలవ్వ అందుకోవడానికి వచ్చింది. కైలాసం కనుసైగతో ఆపాడు.

"గీ నీళ్లు ఎక్కడ పొయ్యాలె కైలాసం?" అని అడిగింది ఆమె.

నిరుడు చచ్చిన చేపలను పట్టుకొని అతడు అడిగిన ప్రశ్నే అది. కైలాసం భుజం మీది తువ్వాలు తీసి, చేతులు తుడుచుకోసాగాడు, ఒక్కొక్క వేలూ విడివిడిగా.